పిల్లల చదువు, తల్లిదండ్రుల ఎరుక

పావగడ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి పేరును కొంచెము నిలిచి పలికినచో అందు రెండు భాషలు కలిసియుండుట తెలియును. వెంకటమ్మ మన ఇండ్లలో అవ్వలకును మనుమరాండ్రకును పెట్టుకొనుచు వచ్చిన పేరు. హళ్లి యనగా కన్నడమున పల్లె. తుమకూరు జిల్లాకు చెందిన ఈ తాలూకాను మూడు వైపుల ఆంధ్రదేశము చుట్టియున్నది. నాగలమడికె యొద్ద ఈ సీమను దాటి మరల ఆంధ్రదేశమున ప్రవేశించు ఉత్తర పినాకినికి రాష్ట్రముల ఎల్లలు తెలియవు. 1956 నవంబరు 1వ తేదీన భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు పావగడ మైసూరు రాష్ట్రముననే నిలిచెను. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటకమని పేరు మార్చుకొనెను. ఇక్కడి అనేక కుటుంబములలో ఇంటిమాట తెలుగు, బడిమాట కన్నడము.

2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్లి యందలి పోలీసు శిబిరముపై జరిగిన దాడివలన ఈ గ్రామము పేరు దేశమంతట పత్రికలలో వినబడినది. పత్రికల కెక్కని నిత్యవ్యవహార మొకటి ఇట్టి గ్రామములన్నింటను ఏటేట జరుగుచుండును. బడినుండి ఒక కాగితము ఇంటికి వచ్చును. దానిపై అంకెలో అక్షరములో ఉండును. తండ్రి సంతకము చేయును. లేదా తల్లి వ్రేలిముద్ర వేయును. కాగితము మరల బడికి పోవును. ఆ కాగితము ఏమి చెప్పినదో ఇంటికి తెలిసినదా? ఈ ప్రశ్నయే మా వ్యాసమునకు విషయము. పిల్లవాని చదువును కొలుచుట యొక పని. కొలిచినదానిని కన్నవారికి తెలియజెప్పుట వేరొక పని. మొదటిదానికి జరిగిన కృషిలో పదవ వంతైనను రెండవదానికి జరుగలేదని, రెండు భాషల నడుమ బ్రదుకు మనవంటి కుటుంబములకు ఆ లోటు మరింత బరువైనదని చూపుట మా ఉద్దేశము.

ముందు పాతకాలపు వీధిబడిని చూతము. 1822లో మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాలన్నింట దేశీయ పాఠశాలల లెక్క తీయుమని ఉత్తరువు చేసెను. 1826లో ఆ లెక్కలను క్రోడీకరించి చూడగా 12,498 పాఠశాలలును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. అనగా ఇంచుమించు వేయిమంది జనమునకు ఒక బడి. పావగడసీమ మైసూరు సంస్థానమునకు చెందినది కావున ఆ లెక్కలో చేరలేదు. కాని దానిని చుట్టియున్న అనంతపురము సీమ ఆనాడు బళ్లారి జిల్లాలో భాగము. 1882లోగాని అనంతపురము వేరు జిల్లా కాలేదు. ఆ బళ్లారి జిల్లానుండి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823 ఆగష్టులో పంపిన నివేదిక మనకు లభించుచున్నది. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన పండితుడు. కావున బడిలో వినబడిన మాటలను అర్థము చేసికొనగల అధికారి.

కాంప్‌బెల్ తన జిల్లాలో 533 పాఠశాలలను లెక్కించెను. వానిలో 235 కన్నడబడులు, 226 తెలుగుబడులు, 23 మరాటీ బడులు, 23 సంస్కృత పాఠశాలలు, 21 పారసీ బడులు, 4 అరవబడులు, 1 ఇంగ్లీషు బడి. మన పూర్వులు బ్రదికిన సీమలో తెలుగుబడులును కన్నడబడులును దాదాపు సరిసమానముగా పక్కపక్కనే నడచినవని ఈ లెక్క సాక్ష్యము చెప్పుచున్నది. ఇంట ఏ భాష పలుకుదురో ఆ భాషలోనే బడికి పంపుట గాని, వ్యవహారమునకు పనికివచ్చు రెండవ భాషబడికి పంపుట గాని అప్పటి తండ్రి యిష్టము.

ఆ బడిలో దినచర్య ఉదయము ఆరు గంటలకు మొదలయ్యెడిది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతీదేవి పేరు వ్రాసెడివారు. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి ఎక్కువ. ఈ ఆచారమును చదివినపుడు నవ్వు వచ్చుట సహజమే. కాని ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. పిల్లవాడు తన ఫలితమును చేతిలో పెట్టుకొని ఇంటికి వచ్చును. అక్షరము రాని తల్లియైనను సరస్వతి పేరు వ్రాసిన చేతికిని, దెబ్బతో కందిన చేతికిని భేదము చెప్పగలదు. ఆ అరచేయి కొలిచినది చదువును కాదు, వేళకు వచ్చుటను మాత్రమే. ఐనను ఆ సంగతి ఇంటివారికి తెలియుటకు నడుమ ఎవ్వరి సాయము అక్కరలేకపోయెను.

చదువును కొలుచుట వేరొక విధమున జరిగెడిది. బడిలో సాధారణముగా నాలుగు తరగతులు. పిల్లవాడు తన శక్తినిబట్టి, అభివృద్ధినిబట్టి ఒక తరగతినుండి మరియొకదానికి ఎక్కెడివాడు. దానికి ఏడాది గడువు లేదు. క్రింది తరగతులను పెద్దపిల్లలు చూచుకొనగా, పై తరగతులను అయ్యవారు స్వయముగా చూచుకొనెడివారు. మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట. పిమ్మట పలక, కొయ్యబల్లను నునుపు చేసి అన్నపు గంజియు బొగ్గుపొడియు పూసి చేసినది. గుడ్డను గంజిలో తడిపి మడతలు పెట్టి నల్లపూత పూసిన కడితము వేరొకటి. వీనిపై బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచెడివారు. ఆపైన తాటాకుపై గంటము, కాగితముపై కలము. కావున పిల్లవాని చేతిలో ఉన్న సాధనమే వాని ప్రగతిపత్రము. ఇసుకలో దిద్దువాడెవడో, తాటాకుపై వ్రాయువాడెవడో దారిని పోవు పొరుగువారికి సైతము తెలియుచుండెను.

ఏటికొకమారు దసరా పండుగనాడు ఈ లెక్క ఊరిముందరికే వచ్చెడిది. అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగెడివారు. పిల్లలు రంగుకాగితములతో అలంకరించిన విల్లంబులు చేతబట్టి, నేర్చిన పద్యములను వాకిట నిలిచి చదివెడివారు. గృహస్థులు అయ్యవారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చెడివారు. దీనిని మనము వేడుకగానే జ్ఞాపకముంచుకొంటిమి. నిజమునకు ఇది బహిరంగపరీక్షయు, తల్లిదండ్రులకు నివేదనయు, అయ్యవారి జీతములో కొంత భాగమును కలిసిన ఏర్పాటు. ఏ పిల్లవాడు గొంతెత్తి చదివెనో, ఎవడు నడుమ తడబడెనో తల్లి తన వాకిటనే నిలిచి విన్నది. నెలకు ఆరేడు రూపాయలకు మించి గడింపలేని అయ్యవారికి పరీక్షాధికారి గ్రామమే.

ఐనను పాతదెల్ల మంచిదని చెప్పుటకు మేము సాహసింపము. ఆ నివేదికయే దాని లోపములనుకూడ దాచలేదు. పిల్లలు కంఠస్థము చేసిన కావ్యభాష వారు పలుకు భాషకు దూరమైనది; వల్లించువారిలో అర్థము తెలిసినవారు అరుదు, చెప్పగల అయ్యవార్లును అరుదేయని కాంప్‌బెల్ వ్రాసెను. జ్ఞాపకశక్తిని కొలిచిరి గాని తెలివిని కొలువలేదు. అంతకంటె పెద్ద లోపము వేరొకటి. ఆ జిల్లాలోని మొత్తము 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. అనేక కులముల పిల్లలకు బడి అరుగు ఎక్కుటకే హక్కు లేకుండెను. సరస్వతి పేరు వ్రాయించుకొను భాగ్యము ఏ కొద్ది చేతులకో దక్కినది. ఇప్పుడు వెంకటమ్మనహళ్లివంటి పల్లెలో ఆడపిల్ల పుస్తకముల సంచి భుజమున వేసికొని పోవుట ఆ పాతబడి యిచ్చిన వరము కాదు. తరువాతి కాలము సాధించిన మేలు.

ఆ తరువాతి కాలము మేలుతోబాటు క్రొత్త పద్ధతిని కూడ తెచ్చెను. 1854 నాటి వుడ్ దొర విద్యాపత్రము తరువాత ప్రభుత్వము బడులకు సహాయధనము నిచ్చుటకు పూనుకొనెను. ధనము నిచ్చువాడు లెక్క యడుగుట సహజము. ఇంగ్లండులో 1862లో ఫలితములనుబట్టి ధనమిచ్చు నిబంధనలు వచ్చెను. పిల్లవాడు చదువుట, వ్రాయుట, లెక్క అను మూడింట పరీక్షాధికారి యెదుట నెగ్గినచో బడికింత యని కట్టు. ఆ దశాబ్దిలోనే మద్రాసు రాజధానిలోను ఇట్టి పద్ధతి ప్రవేశించెను. పరీక్షాధికారి వచ్చు దినము బడికి పండుగయు, గండమును ఆయెను. పిల్లవానిని కొలుచుట వానికొరకు గాక, బడికి రావలసిన పైకముకొరకు జరిగినది. అధికారి కొలిచిన ఫలితము దొరతనమునకు పోయెను, ఇంటికి రాలేదు. దసరానాడు వాకిట నిలిచిన గ్రామము ఈ వ్యవహారమున ఎక్కడను కనబడదు. 1904లో భారత ప్రభుత్వము తన విద్యాతీర్మానమున ఈ పద్ధతిని నిరసించి విడిచిపెట్టెను. కాని బడి తన లెక్కను పైవారికి చెప్పవలయునే గాని ఇంటివారికి చెప్పవలసిన పని లేదను అలవాటు ఆ తీర్మానముతో పోలేదు.

మైసూరు సంస్థానమున కథ కొంచెము వేరు. 1857లో అక్కడ విద్యాశాఖ ఏర్పడెను. శాసనపరిశోధకుడుగా ప్రసిద్ధుడైన బి. ఎల్. రైస్ విద్యాశాఖలో ఉండి 1868లో హోబళికొక పాఠశాల యను ప్రణాళికను నడపెను. కొన్ని గ్రామములు కలిసిన రెవిన్యూ విభాగమునకు హోబళియని పేరు. ఈనాటికిని పావగడ తాలూకాలో ఆ మాట వాడుకలో ఉన్నది. 1881లో సంస్థానము మరల మహారాజుల పాలనలోనికి వచ్చెను. 1913లో ప్రాథమిక విద్యను నిర్బంధము చేయుటకు వీలిచ్చు చట్టము వచ్చెను. సర్కారు బడి పల్లెలకు ప్రాకిన కొలది, దాని భాష సంస్థానపు వ్యవహారభాషయైన కన్నడమగుట సహజమే. పై చదువుల పరీక్షలు మాత్రము 1916లో మైసూరు విశ్వవిద్యాలయము పుట్టువరకు మద్రాసు విశ్వవిద్యాలయము చేతిలోనే యుండెను. కొలుచువాడు ఇంటికి ఎంత దూరమో ఇట్టే తెలియుచున్నది.

పరీక్షతోబాటు మార్కు వచ్చెను. మార్కుతోబాటు మార్కుల కార్డు వచ్చెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో మెట్రిక్యులేషను స్థానమున వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. ఆలోచనలో ఒక సుగుణము కలదు. కడపటి పరీక్ష యొక్కటే గాక, బడిలో పిల్లవాడు ఏండ్ల తరబడి చేసిన పనియు గ్రంథస్థము కావలయునని దాని ఆశయము. కాలక్రమమున ఆ ఆశయము సన్నగిల్లి, ఆ అక్షరములు ఒక్క పరీక్షకు పేరైనవి. కర్ణాటకమున ఈనాడు ఆ పరీక్ష ప్రథమభాషకు 125, తక్కిన అయిదు విషయములకు నూరేసి చొప్పున మొత్తము 625 మార్కులకు జరుగుచున్నది. ప్రథమభాషగా తెలుగు తీసికొనుటకు కూడ అందు వీలు కలదు. ఈ సంగతి తెలియని మన కుటుంబములు ఇంకను ఉన్నవి. పావగడ పిల్లల ఫలితములు మధుగిరి విద్యాజిల్లా క్రింద లెక్కింపబడును. ఏటేట ఏ జిల్లా ఎన్నవ స్థానమున నిలిచినదో పత్రికలు వ్రాయును. ఒక పిల్లవాని చదువు జిల్లా గౌరవమునకు కొలబద్ద యగుచున్నది. వాని తల్లికి మాత్రము నూటికి యాభై రెండు అను అంకె చేరును. ఆ యాభై రెండులో ఏమి వచ్చినది, రాని నలుబది ఎనిమిదిలో ఏమి లోపించినది అను మాట చేరదు.

ఇక్కడ మనవంటి ఇండ్లకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. కాగితము కన్నడమున నున్నది. చదువరియైన తండ్రికి తెలుగు లిపి వచ్చునేమో. తల్లికి అదియు రాకపోవచ్చును. అప్పుడు కాగితమును చదివి వినిపించువాడెవడు? ఆ కాగితము ఎవరిని గూర్చి వ్రాయబడినదో ఆ పిల్లవాడే. నేరము మోపబడినవాడే తీర్పును చదివి వినిపించిన ట్లుండును. వాడు మంచివాడైనచో ఉన్నది ఉన్నట్లు చెప్పును. భయపడినచో కొంచెము మార్చి చెప్పును. ఎట్లు చెప్పినను, పిల్లవానికంటె తల్లిదండ్రులకు తక్కువ తెలియునను భావము ఇంటిలో నాటుకొనును. చదువు విషయమున పెద్దరికము తలక్రిందగుటకు ఇదియే మొదటి మెట్టు.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. మార్కు కొలిచినది దేనిని? ఇంట తెలుగు తప్ప వినని ఆరేండ్ల పిల్ల కన్నడబడిలో లెక్కల పరీక్ష వ్రాయుచున్నదనుకొందము. కూడికను కన్నడమున కూడువుదందురు. పిల్ల వెంటనే గ్రహించును. గుణాకారము ఉభయభాషలలోను ఒక్కటే. భాగహారము అక్కడ భాగాకారము. కొంచెము తడుముకొని పట్టుకొనును. కాని తీసివేతను కళెయువుదని యడిగినచో ఆ మాట ఇంట ఎన్నడు విననిది. పదునైదు చింతగింజలలో ఆరు తీసివేసి తొమ్మిది మిగిలినవని ఇంట చెప్పగల పిల్ల, బడిలో మాట తెలియక ఊరకుండును. ఉపాధ్యాయుడు సున్న వేయును. ఆ సున్న లెక్కకు వచ్చినదా, భాషకు వచ్చినదా? కాగితము ఈ భేదమును చెప్పదు. పిల్ల మందమతియని బడి యనుకొనును. ఇల్లును అదే నమ్మును. కొన్నాళ్లకు పిల్లయు నమ్మును. మొదటి రెండు మూడేండ్లలో జరుగు ఈ పొరపాటు, భాష వచ్చిన తరువాత కూడ పిల్లను విడువక వెంబడించుట మేము అనేక కుటుంబములలో ఎరుగుదుము.

రాజ్యాంగము ఈ విషయమును ఎరుగకపోలేదు. 1956లో జరిగిన ఏడవ సవరణ 350-ఏ అధికరణమును చేర్చినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలయునని దాని తాత్పర్యము. 350-బి అధికరణము ఇందుకై ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. కర్ణాటకమునుండి వచ్చిన వ్యాజ్యముననే 2014లో సుప్రీంకోర్టు, పిల్లవాని మాతృభాష యేదో నిశ్చయించు హక్కు తల్లిదండ్రులదేయని చెప్పినది. బోధనను గూర్చి ఇంత ఆలోచన జరిగినది. కాని ఆ బోధన ఫలితమును ఇంటికి ఏ భాషలో చెప్పవలయునను ప్రశ్న ఈ చర్చలలో తగినంతగా వినబడలేదు.

విద్యావేత్తలు కొలతను గూర్చియు చాల ఆలోచించిరి. 1952-53లో డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము బహిరంగపరీక్షల సంఖ్య తగ్గింపవలయుననియు, ప్రతి విద్యార్థికిని ఏడాది పొడుగున జరిగిన పనిని తెలుపు బడిరికార్డు ఉండవలయుననియు సూచించెను. 1964-66 నాటి కొఠారీ సంఘము కూడ పరీక్ష యనునది పిల్లవాని చదువు మెరుగుపడుటకు తోడ్పడవలయునని నొక్కి చెప్పెను. ఈ మాటలు చాలకాలము గ్రంథములలోనే నిలిచినవి.

వానిని చేతలలోనికి తెచ్చిన ప్రయత్న మొకటి మన తెలుగుసీమనుండియే కన్నడసీమకు పోయినదని ఈ సంచిక చదువరులలో ఎందరికి తెలియునో! మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయము కలదు. దాని గ్రామీణ విద్యాకేంద్రము చుట్టుప్రక్కల పల్లెలలో చిన్నబడులు నెలకొల్పెను. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు తెలుగులో ఒక బోధనాసామగ్రిని సిద్ధపరచిరి. పాఠ్యపుస్తకమునకు బదులు చిన్నచిన్న కార్డులు. తరగతికి బదులు ఒక నిచ్చెన. పిల్ల ఒక్కొక్క మెట్టు ఎక్కుచు పోవును. మెట్టు దాటినదో లేదో అక్కడికక్కడే చూతురు. దాటనిచో మరికొంత అభ్యాసము చేయింతురు. అందరును ఒకే దినమున ఒకే పాఠముననుండవలసిన నిర్బంధము లేదు. ఇసుకనుండి పలకకు, పలకనుండి తాటాకుకు తన వేగమున నడచిన వీధిబడి పిల్లవాడు ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చును. తప్పు చేసినవానికి దెబ్బ మాత్రము లేదు.

మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాకు చెందిన ఉపాధ్యాయులు ఈ పద్ధతిని చూచిపోయి, 1995లో తమ బడులలో కన్నడమున ప్రారంభించిరి. దానికి నలి-కలి యని పేరు. ఆడుచు నేర్చుట యని భావము. 2009-10లో రాష్ట్రమునందలి ప్రభుత్వ కన్నడబడులకెల్ల మొదటి రెండు తరగతులలో దానిని విస్తరింపజేసిరి. ఆ గదులలో గోడపై నిచ్చెన యుండును. ప్రతి పిల్ల యొక్కయు స్థానమును గుర్తించు ప్రగతినోట మను పట్టిక యుండును. కన్నడమున నోట మనగా చూపు. ఆ పట్టికయెదుట నిలిచిన తల్లికి అంకెలతో పని లేదు. నా పిల్ల ఏ మెట్టున నున్నది యని యడిగి వ్రేలితో చూపించుకొనవచ్చును. తెలుగులో పుట్టి కన్నడమున పెరిగిన ఈ పద్ధతి, తెలుగు ఇంటనుండి కన్నడబడికి పోవు పిల్లలకు చుట్టమువంటిది.

2009 నాటి విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును శాసనముగా చేసినది. ఎనిమిదవ తరగతి ముగియువరకు బోర్డు పరీక్ష వలదన్నది. 2019లో వచ్చిన సవరణ అయిదు, ఎనిమిది తరగతులలో పరీక్షలు జరుపుటకును, నెగ్గనివారిని నిలుపుటకును రాష్ట్రములకు వీలిచ్చెను. కర్ణాటకమున 2023, 2024 సంవత్సరములలో చిన్న తరగతులకు బోర్డు తరహా పరీక్షలు పెట్టబూనగా ఆ తగవు సుప్రీంకోర్టువరకు పోయెను. పరీక్ష ఉండవలయునా, ఉండరాదా యని పెద్దలు వాదులాడుకొనునపుడు మనము అడుగవలసిన ప్రశ్న వేరొకటి: ఉన్నను లేకున్నను, పిల్లకు ఏమి వచ్చినదో మాకు తెలుపుట యెట్లు? నిరంతర మూల్యాంకనమున ఏడాదికి నాలుగు రూపణాత్మక, రెండు సంకలనాత్మక మౌల్యమాపనములని ఇక్కడ ఏర్పరచిరి. తెలుగుసీమ బడులలో ఇవియే నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనములు. ఏ భాషలో చెప్పినను పొలమునుండి వచ్చిన తల్లికి ఇవి కొరుకుడు పడవు. అంకెల స్థానమున ఏ ప్లస్, బి ప్లస్ అను గుర్తులు వచ్చినంత మాత్రమున కాగితము నోరు విప్పినట్లు కాదు.

చట్టము తెరచిన ద్వారమొకటి మాత్రము మన చేతిలో నున్నది. కర్ణాటకమున 2001లోనే బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితులు ఏర్పడినవి. ఊరివారు ఎస్‌డీఎంసీ యందురు. విద్యాహక్కు చట్టము ఇట్టి సమితులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలయుననియు, మొత్తము సభ్యులలో సగము స్త్రీలు కావలయుననియు చెప్పినది. ఆ సమావేశములలో గోడల సున్నమును గూర్చియు, వంటగదిని గూర్చియు మాటలాడుట అవసరమే. పిల్లల చదువును గూర్చి యడుగుట అంతకంటె అవసరము. 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ ప్రగతిపత్రము బడికిని ఇంటికిని నడుమ వంతెన కావలయునని కోరుచున్నది.

2005నుండి ప్రథమ్ సంస్థవారు అసర్ అను పేర దేశమునందలి పల్లెలలో సర్వే నడపుచున్నారు. వారు బడికి పోరు, ఇంటికే వత్తురు. పిల్లచేతికి ఒక కాగితమిచ్చి అక్షరములు, పదములు, ఒకటవ తరగతి స్థాయి వాక్యములు, రెండవ తరగతి స్థాయి కథ చదివింతురు. తల్లి ప్రక్కనే నిలిచి వినును. మార్కుల కార్డు ఏండ్ల తరబడి చెప్పలేని మాట కొన్ని నిమిషములలో వాకిటనే తేటపడును. రెండువందల యేండ్ల క్రిందటి దసరా వాకిలికిని ఈ వాకిలికిని సంబంధము లేకపోలేదు. తనయెదుట చదివిన పిల్లను తల్లి ఎవరి సాయమును లేకయే గ్రహింపగలదు.

ఈ చరిత్రనుండి మన కుటుంబములు గ్రహింపవలసిన దేమి? మొదటిది: మార్కుల కార్డుపై సంతకము చేయుటకుముందు, ఎన్ని మార్కులని గాక, ఏమి వచ్చినదని యడుగవలయును. పుస్తకమునుండి ఒక పుట చదువుమని, చదివినదానిని తెలుగున చెప్పుమని కోరవలయును. తెలుగున చెప్పగలిగిన పిల్లకు కన్నడపుటర్థము తెలిసినట్లే. రెండవది: పిల్లకు తక్కువ వచ్చినపుడు, ఆ తక్కువ విషయమునకా, భాషకా యని ఉపాధ్యాయుని మర్యాదగా అడుగవలయును. ఈ ప్రశ్న నిష్ఠూరము కాదు. మంచి ఉపాధ్యాయునకు ఇది ఉపకారమే. ఇంట మాటలాడు భాష వేరని అతనికి ఎవ్వరును చెప్పకున్నచో తెలియుట యెట్లు?

మూడవది మన సంఘములు చేయవలసిన పని. తెలుగు, కన్నడ లిపులు ఒక్క తల్లి బిడ్డలు. తెలుగు చదువనేర్చిన పెద్దలు కొలది వారములలో కన్నడాక్షరములు కూడబలుకుకొనగలరు. తలకట్టుల తీరు, కొన్ని అక్షరముల వంపులు మాత్రమే వేరు. సాయంకాలము ఒక గంట ఇందుకు కేటాయించుటకు సంఘములకు పెద్దధనము అక్కరలేదు. దానివలన తెలుగునకు హాని లేదు. ఇంటివారికి బడిభాష తెలిసినచో పిల్ల ఇంటిభాషను చూచి సిగ్గుపడు నవసరము తప్పును. దసరానాడు సభలు జరుపు సంఘములు పిల్లలచేత తెలుగున ఒక పుట, కన్నడమున ఒక పుట తల్లిదండ్రులయెదుట చదివించినచో పాత ఆచారమును కొత్త న్యాయముతో నిలిపిన వారగుదురు. ఈమారు ఆ వాకిట ఆడపిల్లలు ముందువరుసలో నుందురు. ఏ ఇంటి పిల్లకును ద్వారము మూసియుండదు.

కాగితము మంచిదే, అది ఏండ్లు నిలుచును, అధికారికిని చూపవచ్చును. కాని పిల్ల యొక్క చదువు పిల్లలోనే యున్నది. బడి దానిని ఎట్లు కొలిచినను, ఆ కొలతను కన్నవారికి తెలియు మాటలో చెప్పువరకు బడి పని ముగియలేదని మా అభిప్రాయము. ఆ మాటను అడిగి తెలిసికొనువరకు మన పనియు ముగియలేదు.